నిండు స్ట్రిప్పుకి స్టీలు గిన్నె

యాసిడ్‌లో పడ్డ ఉక్కుముక్క ఊరికే ఉండదు. పడీ పడగానే దాని ఒళ్ళంతా సన్నటి బుడగలు లేస్తాయి. ఓ పూట గడిచేసరికి అంచులు ఎలుక కొరికినట్టయిపోతాయి. వాటిని ఆపే పదార్థం కోసం వెతుకుతూ హైమావతి ఏళ్ళ తరబడి ఆ బుడగల్నే చూస్తోంది. చూసి చూసి వాటిని తిట్టుకోవడం కూడా మానేసింది. అందుకే ఆ రోజు నూరిన మాత్రల పొడి చిటికెడు వేసి కలిపాక, బీకరులో బుడగలు ఒక్కొక్కటే తగ్గి చివరికి పూర్తిగా ఆగిపోతే ఆమె నమ్మలేదు. యాసిడ్ బదులు నీళ్ళు పోశానేమోనని సీసా మీది చీటీ మళ్ళీ చదువుకుంది.

యాసిడే. ఉక్కుముక్క మాత్రం హాయిగా పడుకునుంది.

ఆ మాత్రలు తెర్విడాల్. మూర్ఛ రోగులు రోజూ వేసుకునేవి. గడువు తీరిపోయాయని మందుల షాపువాళ్ళు పారెయ్యబోతుంటే పరిశోధనశాలకి తెచ్చుకుంది. మర్నాడు మందుల షాపు నుంచి తాజా మాత్రలు తెప్పించి అదే పని చేస్తే బుడగలు ఎప్పట్లాగే పొంగాయి. మళ్ళీ పాతవి వేసింది, ఆగిపోయాయి. కొత్తవి వేసింది, పొంగాయి. గడువు తీరాక ఆ మందులోని అణువు రెండుగా విడిపోతుందనీ, అందులో ఒక సగం ఉక్కుని గట్టిగా కరుచుకుని యాసిడ్‌కి చోటివ్వడం లేదనీ తేల్చుకునేసరికి ఎండాకాలం వచ్చేసింది. మనిషికి మందుగా చచ్చిపోయాకే అది ఉక్కుకి మందవుతోంది.

ఆ సంగతి తేలిన సాయంత్రం ఆమె ఆటో ఎక్కి తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

పైడిరాజు ఇల్లు గాజువాక అవతల, తీగల ఫ్యాక్టరీ గోడని ఆనుకుని ఉన్న కాలనీలో ఉంది. అతను ఆ ఫ్యాక్టరీలో యాసిడ్ తొట్టి దగ్గర పని చేస్తాడు. ఇనప తీగ చుట్టల్ని తొట్టిలో ముంచి, పైనున్న తుప్పూ పొలుసూ పోయాక తీయడం అతని పని. నాన్న పోయాక చెల్లెల్ని ఆ తొట్టి దగ్గరే నిలబడి చదివించాడు. రెండేళ్ళ క్రితం ఆ తొట్టి అతుకు విచ్చుకుంది. పక్కన నిలబడ్డ మనిషి ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. పైడిరాజు ఎడమకాలు మడమ నుంచి మోకాలి దాకా కాలి, ఇప్పుడు నిమ్మతొక్కలా ముడతలు పడి ఉంటుంది. తొట్టికి మాటు వేసి, యాసిడ్ ఉక్కుకి తగలకుండా లోపల కొత్త రబ్బరు పొర అంటించారు, అతను మళ్ళీ అక్కడే నిలబడ్డాడు.

హైమ ఉద్యోగంలో ఎంత పెద్దదైనా ఆ గడపలో అడుగుపెడితే నాలుక తిరిగి పాత దారే పడుతుంది.

"వదినా! నువ్వేసుకుంటావు సూడు, ఆ మాత్రే! అదేసీసరికి యాసిడ్ నోరు మూసీసుకుంది."

నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. ఆమెకి పెళ్ళి కాకముందు నుంచీ ఫిట్సు. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే తెర్విడాల్ రోజూ అన్నం తిన్నాక ఒకటి వేసుకుంటుంది. వేసుకున్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

"నా ఫిట్సు మాత్రా? యాసిడ్‌కి కూడా ఫిట్సొస్తాయేటే?" అని పకపకా నవ్వింది.

పైడిరాజు నవ్వలేదు. కాలు చాపుకుని కూర్చుని, "అయితే ఆ తొట్టి మరి పగలదా?" అని అడిగాడు.

"ఈ మందు పోసినన్నాళ్ళూ పగలదన్నయ్యా."

నూకరత్నం నవ్వు ఆపేసింది. చేతిలో గరిటె పట్టుకుని వచ్చి మొగుడి కాలి వైపు చూసి, "నిజఁవేనా?" అంది. నిజమేనని హైమ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ చెప్పింది.

పోసినన్నాళ్ళూ అన్న మాట మాత్రం అప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు, చెప్పిన హైమ చెవికి కూడా.

*

ఏడాది తిరిగేసరికి ఆ పొడికి కవచం అని పేరొచ్చింది. మొదట అన్నయ్య ఫ్యాక్టరీ తొట్టిలోనే వేసి చూశారు. తుప్పు కరిగిపోతోంది, తొట్టి ఉక్కు మాత్రం చెక్కు చెదరడం లేదు. ఆ వార్త తెలిసి సముద్రం పొడుగునా ఉన్న ఫ్యాక్టరీలన్నీ పరిశోధనశాలకి వరస కట్టాయి. రబ్బరు పొరలు మాటిమాటికీ మార్చడం పెద్ద తలనొప్పి. కవచం ఉంటే పొరెందుకని ఒక్కొక్కరే వాటిని పీకేశారు. యాసిడ్‌కీ ఉక్కుకీ మధ్య ఇక మాత్రల పొడి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ పొడిని వారం వారం వేస్తూనే ఉండాలి. ఒక వారం తప్పితే ఉక్కుని కరుచుకున్న మందు మొత్తం ఒక్కసారే వదిలేస్తుంది.

ఇక అన్ని మాత్రలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వాడలవాడలా డబ్బాలు పెట్టించారు. జనం వాటిల్లో అరటితొక్కలు వేశారు. అక్కడక్కడా వచ్చిన నాలుగు మందులూ సగం వాడినవి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినవి, ఏ మాత్ర ఏదో పోల్చుకోలేనివి. పరిశోధనశాల డైరెక్టరు వేదాద్రి గారు తల పట్టుకు కూర్చుంటే దారి చూపించింది హైమే.

ఒక మధ్యాహ్నం అన్నయ్య వీధిలో అప్పయ్యమ్మ తట్ట దించుకుని కూర్చునుంది. పాత చీరలూ చొక్కాలూ తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి. చుట్టూ ఆడవాళ్ళు చేరి, ఈ చీరకి పెద్ద గిన్నే రావాలని పోట్లాడుతున్నారు. అది చూసి హైమకి మెరుపులా తట్టింది. గడువు తీరిన తెర్విడాల్‌కి స్టీలు సామాను! ఆ తట్టలవాళ్ళందరినీ పిలిపించి, సామాను పరిశోధనశాలే ఇచ్చేట్టు మాట్లాడింది. కలగాపులగం మాత్రలతో మళ్ళీ తంటా రాకుండా ఒక నియమం కూడా తనే పెట్టింది. చింపిన స్ట్రిప్పులు తీసుకోకూడదు. ఒక్క మాత్ర కూడా తగ్గకూడదు, గడువు తీరి ఉండాలి. నిండు స్ట్రిప్పుకి ఒక గిన్నె.

పాపం, ఆ నియమం పెట్టినప్పుడు ఆమె ఆలోచించింది మాత్రల శుభ్రత గురించే.

"పాత బట్టలకీ, డేటైపోయిన ఫిట్సు మాత్రలకీ స్టీలు సామాన్లోయ్!" అని అప్పయ్యమ్మ వీధి వీధీ తిరిగింది. పరిశోధనశాల వెనక గదిలోకి బస్తాలు రావడం మొదలైంది. కొన్నాళ్ళకి బస్తాలు పెట్టడానికి చోటు చాల్లేదు.

ఒకరోజు హైమ ఒక బస్తా విప్పి, స్ట్రిప్పుల్ని చేతిలోకి తీసుకుని చూసింది. అన్నీ నిండుగా ఉన్నాయి. వెండిరేకు మీద ఒక్క గోటిగాటు లేదు. ఇంతింత నిండు స్ట్రిప్పులు ఇళ్ళల్లో ఎందుకు మిగిలిపోతాయి? మూర్ఛ మందు మిగిలే మందు కాదే, రోజూ వేసుకునేది కదా? ఆ ప్రశ్న ఆమె బుర్రలోకి వచ్చిన మాట నిజం.

"ఎంత చక్కటి సరుకో చూశారా డాక్టరుగారూ! కల్తీ అన్న మాట లేదు" అన్నారు వేదాద్రి గారు వెనక నుంచి.

ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వారం కొత్తగా ఇంకో ఫ్యాక్టరీ ఒప్పుకుంది. హైమ కూడా నవ్వి, బస్తా మూతి కట్టేసింది. ప్రశ్న కూడా అందులోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం నోరు జారింది. "తొట్లు ఎక్కువైపోనాయి వదినా. మాత్రలు సాలట్లేదు. మనకి గాని వారం తప్పిపోతే ఏటవుతాదో తల్సుకుంతే నాకు బయఁవేస్తంది."

నూకరత్నం వింటూనే పైడిరాజు కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది.

*

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న కుళాయి దగ్గర బిందె ఎత్తుకోబోతూ నూకరత్నం పడిపోయింది. పడ్డ మనిషి లేవలేదు. ఒకసారి వచ్చిన ఫిట్సు పోకముందే ఇంకోసారి వచ్చింది. హైమ ఆసుపత్రికి చేరేసరికి మంచం కమ్మీలకి చేతులు తగలకుండా ఇద్దరు నర్సులు పట్టుకుని ఉన్నారు. పైడిరాజు గోడకి ఆనుకుని నిలబడి, పెళ్ళాం మొహం చూడలేక కిటికీ వైపు చూస్తున్నాడు.

డ్యూటీ డాక్టరమ్మ చిన్నది, కానీ గట్టి మనిషి. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది.

"ఏసుకుంతాదండీ. ఒక్క దినఁవూ మానదు" అన్నాడు పైడిరాజు.

"రక్తంలో మందు ఆనవాలే లేదండీ. చాలా కాలంగా మానేసి ఉండాలి. ఇక్కడున్న మందులన్నీ ఇచ్చాం. ఆగినట్టే ఆగి మళ్ళీ వస్తోంది. ఇన్నేళ్ళూ ఈవిడకి పట్టింది తెర్విడాల్. అది మా దగ్గర లేదు, బయట ఎక్కడైనా ప్రయత్నించండి."

హైమ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది, షాపు షాపుకీ తిరిగింది. ఎక్కడా లేదు. ఒక షాపాయన వెనక అరలో కట్ట కనపడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "అవి డేటు దగ్గర పడ్డవమ్మా, అమ్మకానికి కాదు. పక్కన పెట్టుంచాం" అన్నాడు. ఎందుకు పక్కన పెట్టాడో ఆమెకి విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. పేరు చెప్పుకుని, కాళ్ళావేళ్ళా పడి తీయించి చూస్తే అవి నిన్నటితోనే గడువు తీరినవి.

ఆమె వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి నూకరత్నం కాసేపు తెరిపిన పడి కళ్ళు తెరిచింది. హైమని గుర్తు పట్టింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"పిండి డబ్బాలో ఉన్నాయే... డేటవనేదు ఇంకా... అయ్యాక అట్టుకెల్లు."

"ఏటి వదినా? ఏటున్నాయి?"

"మాత్రలు. సాలట్లేదన్నావు కదే. పక్కింటోల సేత ఇప్పిస్తే నీకు తెల్దని..." ఊపిరి తీసుకుంది. "మీ అన్న ఆ తొట్టి కాడే కదే నిల్సుంతాడు."

ఆ తర్వాత మళ్ళీ ఫిట్సు వచ్చేసింది.

ఏం చెప్పమంటారు? కాలనీలో మిగతా ఆడవాళ్ళు గిన్నెల కోసం దాచారు. నూకరత్నం ఇంట్లో కొత్త గిన్నె ఒక్కటీ లేదు, వచ్చినవన్నీ పక్కింటివాళ్ళకే వదిలేసింది. ఆమె దాచింది మొగుడి కాళ్ళ కోసం. హైమకి ఏడవడానికి వ్యవధి లేదు. పైడిరాజు అప్పటికే ఇంటికి పరిగెత్తాడు.

పిండి డబ్బాలోంచి తెచ్చిన స్ట్రిప్పులు నాలుగు. దేనికీ గడువు తీరలేదు. అయినా డాక్టరమ్మ వాటిని వెలుతురులో పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. రేకుల ఇల్లు, ఆ డబ్బా ఉండేది పొయ్యి పైనున్న అరలో. మాత్రలు పసుపు తిరిగి ఉన్నాయి. "పాడైనవి ఇస్తే ఉపయోగం లేకపోగా ఒంటికి ఏం చేస్తాయో తెలీదు. వీటిల్లో మందు బతికుందో లేదో ఎలా చెప్పను?"

"నేను చెబుతాను" అంది హైమ.

పరిశోధనశాల బల్ల మీద నాలుగు బీకర్లు పెట్టి యాసిడ్ పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఉక్కుముక్క వేసింది. నాలుగూ పొంగాయి. మొదటి స్ట్రిప్పులో ఒక మాత్ర తీసి నూరి వేసింది. చూస్తుండగానే బుడగలు ఆగిపోయాయి, అంటే అందులో మందు చచ్చిపోయింది. ఇదే బల్ల దగ్గర ఒకప్పుడు బుడగలు ఆగాయని మురిసిపోయిన మనిషి, ఇప్పుడు పొంగండి, పొంగండి అని యాసిడ్‌ని బతిమాలుకుంటోంది. రెండో స్ట్రిప్పు కూడా అంతే. మూడోది కాసేపు ఆశ పెట్టి అదీ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను కట్టుకున్న పేరంతా ఆ మూడు బీకర్లలో చడీచప్పుడూ లేకుండా కూర్చునుంది.

నాలుగోది ఈ మధ్యనే తెచ్చుకున్నది. పొడి వేసింది. బుడగలు ఆగలేదు. ఉక్కుముక్క కుతకుతా ఉడుకుతూనే ఉంది. నమ్మకం చాలక ఇంకో మాత్ర నూరి ఇంకో ముక్క మీద చూసింది. అదీ ఉడికింది. హైమ ఆ స్ట్రిప్పుని గుప్పిట్లో పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తింది.

నూకరత్నం ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా ఆ మందు ఇచ్చారు. సాయంత్రానికి ఫిట్సు ఆగాయి. మూడో పూటకి కళ్ళు తెరిచింది. ప్రాణం దక్కింది, కానీ మనిషి మొత్తంగా తిరిగి రాలేదు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. పొద్దున్న జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. పొయ్యి వెలిగించి, ఎందుకు వెలిగించానని అక్కడే నిలబడిపోతుంది.

*

వేదాద్రి గారు చెడ్డవారు కాదు. హైమ చెప్పిందంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చాలా బాధగా ఉందమ్మా. మీ వదినగారి వైద్యం మనమే చూసుకుందాం. కానీ ఆవేశంలో నిర్ణయాలు తీసుకోకూడదు. కవచం వచ్చాక ఈ తీరంలో ఒక్క తొట్టి పగిలిందా? ఎంతమంది బతికిపోయారో ఆలోచించండి. ఒక్కావిడ పొరపాటు చేస్తే..."

"ఒక్కావిడ కాదు సార్. స్ట్రిప్పులు అంత నిండుగా ఎందుకొచ్చాయనుకున్నారు? వెనక గదిలో ఉన్నవన్నీ ఎవరో ఒకరు వేసుకోవలసిన మాత్రలే. ఎవరెవరు ఎక్కడెక్కడ పడిపోయారో మనకి తెలీదు. మనం అడగలేదు. బస్తా విప్పి చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది. నేనే కట్టేశాను."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని నెమ్మదిగా అడిగారు. "ఆవిడ దగ్గరున్న వాటికి గడువు తీరలేదన్నారు కదా. మరి బుడగలు ఆగడమేమిటి? తీరకుండానే అలా ఎలా మారాయి?"

పొయ్యి వేడికి మారాయి. ఏళ్ళు పట్టే మార్పు వేడి తగిలితే నెలల్లో అయిపోతుంది. కొలిమిలాంటి పెట్టెలో పెడితే ఇంకా తొందరగా అవుతుంది. అప్పుడు ఎవరూ ఏ మాత్రా దాచక్కర్లేదు, తయారైన మందుని తయారైనట్టే తొట్లకి తోలెయ్యొచ్చు. జబ్బుమనిషి దాకా ఒక్క మాత్ర కూడా రాదు. ఇదంతా హైమకి ఆ బీకర్ల ముందే తెలిసిపోయింది. కనిపెట్టిన ఏ సంగతినీ ఆమె అప్పటిదాకా దాచలేదు.

"తెలీదు సార్. తేమ తగిలిందేమో" అంది.

అలా అబద్ధం చెప్పినందుకు ఆమె సిగ్గుపడింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ వారమే తట్టలవాళ్ళని పిలిచి మాత్రలు తీసుకోవద్దని చెప్పింది. రబ్బరు పొర లేని యాసిడ్ తొట్టి ఏదీ నమ్మదగింది కాదనీ, వెంటనే ఖాళీ చెయ్యాలనీ, కవచం కనిపెట్టిన మనిషిగా తన పేరు మీదే రాసి సంతకం పెట్టి అన్ని ఫ్యాక్టరీలకీ పంపింది. ఫ్యాక్టరీలు భగ్గుమన్నాయి. ఆమె సంతకం ఉన్నాక తొట్టి నడిపే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. పొరలు మళ్ళీ వేసుకోగలిగినవాళ్ళు వేసుకున్నారు. తీగల ఫ్యాక్టరీ వేసుకోలేదు. ఆ తొట్టి ఖాళీ చేసి, గేటుకి తాళం వేసింది.

పైడిరాజు చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని, "మంచి పనే సేసేవు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపటికి, "నాకింకే పనీ రాదే అమ్మీ" అన్నాడు. హైమ అతని పక్కన కూర్చుని ఏడ్చేసింది. అతనే ఆమె వీపు నిమిరాడు.

*

ఇప్పుడు నూకరత్నానికి మాత్ర వేసే పని హైమది. పొద్దున్నే వచ్చి గ్లాసులో నీళ్ళు పోసి, మాత్ర నోట్లో పెడుతుంది. నూకరత్నం బుద్ధిగా నీళ్ళు తాగుతుంది. హైమ గ్లాసు కడగడానికి అటు తిరగగానే దవడ కింద దాచుకున్న మాత్రని ఎడమచేతిలోకి ఉమ్మి, గుప్పిట మూస్తుంది. ఏ కూర వండాలో గుర్తుండదు, పక్కింటివాళ్ళ పేర్లు గుర్తుండవు, ఆ ఒక్కటి మాత్రం గుర్తుంది.

"ఇంద. దాసినాను. తొట్టికి అట్టుకెల్లు" అంటూ తడి గుప్పిట విప్పి ఆడపడుచుకి ఇస్తుంది.

తొట్టి ఖాళీ చేసేశారని హైమ చెబుతుంది. నూకరత్నం నమ్మదు. మందు అక్కర్లేదని చెబుతుంది. నూకరత్నం ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "మీ అన్న అక్కడే కదే నిల్సుంతాడు" అంటుంది. బలవంతాన నోరు తెరిపించాలని చూసిన రోజు ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ తర్వాత హైమ ఇక ఆ పని చెయ్యలేకపోయింది.

చివరికి పైడిరాజే పీట వేసుకుని పెళ్ళాం ఎదురుగా కూర్చున్నాడు. కాలిన కాలు ముందుకి చాపాడు, రెండో కాలూ చాపాడు. ఆమె ఎడమచెయ్యి తీసుకుని వాటి మీద పెట్టాడు.

"సూడు. రెండూ ఉన్నాయి. నాను తొట్టి కాడ లేను, నీ కాడే ఉన్నాను. మింగీ."

నూకరత్నం మడమ నుంచి మోకాలి దాకా తడిమి చూసింది. రెండు కాళ్ళూ చూసింది.

"డూటీకెల్లవా?"

"ఎల్లను."

"రేపు?"

"రేపూ ఎల్లనే."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసి నోరు తెరిచింది. హైమ మాత్ర పెట్టింది. గుటక పడింది. మళ్ళీ నోరు తెరిచి చూపించింది, నాలుక కింద ఏమీ లేదు. పైడిరాజు ఊపిరి వదిలాడు.

నూకరత్నం మొగుడి మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచి, పక్కకి తిరిగి హైమని రహస్యంగా అడిగింది.

"మరి డూటీకెల్లకపోతే మనఁవేటి తింతాఁవే?"

రేపు పొద్దున్న ఆమె ఇదంతా మర్చిపోతుంది. మళ్ళీ మాత్ర దాస్తుంది, మళ్ళీ అన్నయ్య కాళ్ళు చాపి కూర్చోవాలి, మళ్ళీ ఆమె ఇదే ప్రశ్న అడుగుతుంది. హైమ గ్లాసు పట్టుకుని నిలబడింది. పైడిరాజు తల వంచుకుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.